కారు ఇల్లు చేరిందని చెప్పే కాగితం

ఉద్యోగం ముగిశాక భార్యాభర్తలు సొంత కారులో దేశాలు దాటి సాగించే దూర ప్రయాణం చివరికొచ్చేసరికి రెండు లెక్కలు తేలాలి. మనుషులు ఇంటికి చేరడం ఒకటి. తీసుకెళ్లిన కారును దారిలో ఏ దేశంలోనూ అమ్ముకోలేదని రుజువు కావడం రెండోది. మొదటిది ఫొటోల్లో కనిపిస్తుంది. రెండోదానికి సాక్ష్యం ‘కార్నె ద పసాజ్’ అనే కస్టమ్స్ పుస్తకం. ప్రయాణికులకు పాస్‌పోర్టు ఎలాగో, బండికి ఇది అలాగ.

ఇలాంటి ప్రయాణాల్లో జర్మనీకి చెందిన గుంథర్ హోల్టోర్ఫ్, క్రిస్టీన్ దంపతులది పెద్ద పేరు. లుఫ్తాన్సా విమాన సంస్థలో మేనేజరుగా పనిచేసిన గుంథర్, యాభై దాటిన వయసులో కొలువు వదిలేసి 1988లో తయారైన మెర్సిడెస్ బెంజ్ 300 జీడీ కొన్నారు. దానికి ‘ఓటో’ అని పేరు. ఏడాదిన్నరలో ఆఫ్రికా తిరిగి రావాలన్నది మొదటి ఆలోచన. 1990లో క్రిస్టీన్ తోడయ్యారు. ఆ ఏడాదిన్నర పావు శతాబ్దమైంది. 2014 అక్టోబరులో బెర్లిన్‌లోని బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర ప్రయాణం ముగిసేసరికి ఓటో సుమారు 9 లక్షల కిలోమీటర్లు నడిచింది. స్పాన్సర్లు లేరు. పడక కారులోనే, వంట తామే చేసుకునేవారు.

ఎడారులు, మంచుకొండలు, యుద్ధం జరిగిన ఊళ్ల గురించి ఇలాంటి దంపతులు చెప్పే కథలు చాలానే ఉంటాయి. వాటి వెనక ఉండే కార్నె గురించి మాత్రం తక్కువ మంది రాస్తారు. నిజానికి చాలా దేశాల్లో ఆ పుస్తకం లేకపోతే కథ సరిహద్దు గేటు దగ్గరే ఆగిపోతుంది.

కార్నెను 5, 10, 25 పేజీల పుస్తకాలుగా ఇస్తారు. ఒక దేశంలోకి ఒకసారి వెళ్లి రావడానికి ఒక పేజీ. అట్ట మీద యజమాని పేరు, చిరునామా ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన సంవత్సరం, రంగు, బరువు, విలువ, అదనపు టైర్లు, రేడియో వరకూ బండి వివరాలన్నీ రాస్తారు. ప్రతి పేజీ మూడు భాగాలు. దేశంలోకి అడుగు పెట్టినప్పుడు కస్టమ్స్ అధికారి ఒక ముక్క చించి దాచుకుంటాడు. బయటికి వెళ్లేటప్పుడు ఇంకో ముక్క చించుకుంటాడు. మిగిలిన కౌంటర్‌ఫాయిల్ మీద రాక ముద్ర, పోక ముద్ర పక్కపక్కనే పడతాయి. అది యజమాని దగ్గరే ఉంటుంది. రెండు ముద్రలూ ఉంటే ఆ దేశంతో లెక్క తీరినట్టే. ఒక్కటే ఉందంటే, రికార్డుల ప్రకారం ఆ కారు ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు.

అందుకే అనుభవమున్న ప్రయాణికులు సరిహద్దు దాటేముందు తారీకు చూసుకుంటారు, సంతకం చూసుకుంటారు, అధికారి సరైన ముక్కే చించాడో లేదో చూసుకుంటారు. రాత్రి పొద్దుపోయాక, వానలో, వెనక లారీలు హారన్ కొడుతున్నా ఆ రెండు నిమిషాలు వదులుకోరు. అక్కడ జరిగిన పొరపాటు ఏడాది తరవాత, వేల కిలోమీటర్ల దూరంలో, ఇంటికి వచ్చే ఉత్తరంలో బయటపడుతుంది.

ఇంత పట్టింపు సుంకం వల్ల. విదేశీ కారును దిగుమతి చేసుకుంటే భారీ పన్ను కట్టాల్సిన దేశాలు చాలా ఉన్నాయి. మన దేశంలోనే ఆ పన్ను కారు ధరను మించిన సందర్భాలు ఎన్నో. పర్యాటకుడిగా వచ్చి కారు అమ్మేసి వెళ్లిపోతే ఖజానాకు గండి. అలాగని వచ్చిన ప్రతివాడి దగ్గరా అంత సొమ్మూ డిపాజిట్ కట్టించుకుంటే ప్రయాణాలే ఉండవు. మధ్యేమార్గంగా ప్రయాణికుడి తరఫున అతని దేశంలోని మోటారు సంఘం పూచీ పడుతుంది. జర్మనీలో ఆ సంఘం ఆడాక్. అది యజమాని నుంచి బ్యాంకు గ్యారంటీ, నగదు జమానతు లేదా బీమా తీసుకుంటుంది. వెళ్లే దేశాన్ని బట్టి ఆ మొత్తం బండి విలువను దాటిపోవచ్చు కూడా. పింఛను మీద బతికే దంపతులకు ఇది చిన్న విషయం కాదు. దాచుకున్న సొమ్ములో పెద్ద భాగం ప్రయాణం ముగిసేదాకా బ్యాంకులో కదలకుండా ఉండిపోతుంది.

గడువు సాధారణంగా ఏడాది. ఆలోగా పొడిగింపో కొత్త పుస్తకమో తీసుకోవాలి. బండి మొరాయిస్తే రోడ్డు పక్కన వదిలేసి విమానం ఎక్కేయడం కుదరదు. తుక్కు కింద వేయాలన్నా కస్టమ్స్ అధికారుల అనుమతి, పర్యవేక్షణ కావాలి. ఓటో మడగాస్కర్‌లో బోల్తా పడింది. అంతటి ప్రమాదం నుంచి లేచి మళ్లీ నడిచిన బండి కనుక ఆ కథ సుఖాంతమైంది. ముసలి కార్లతో బయల్దేరేవారు మోసుకెళ్లే విడిభాగాల మూటకు ఈ నిబంధన కూడా ఒక కారణమే.

కార్నె దంపతులను గుర్తించదు. అట్ట మీద ఒక్కరే యజమాని. రెండోవారు స్టీరింగు పట్టుకుంటే అందుకు విడిగా అధికార పత్రం కావాలి. వయసు మీదపడిన వారి విషయంలో ఇది లాంఛనం కాదు. యజమాని పరాయి దేశంలో మంచాన పడితే ఆ కారును సరిహద్దు దాటించాల్సింది పక్క సీటులోని మనిషే. బయల్దేరే ముందే ఆ పత్రం రాయించి పెట్టుకోమన్నది ఎవరైనా గట్టిగా చెప్పాల్సిన మాట.

క్రిస్టీన్‌కు క్యాన్సర్ వచ్చింది. 2010లో, పెళ్లయిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. ఇరవై ఏళ్లు కలిసి తిరిగిన ఆ ఇద్దరూ చట్టప్రకారం భార్యాభర్తలుగా ఉన్నది ఆ కొన్ని రోజులే. ఇద్దరూ అనుకున్న దేశాలు మిగిలాయి. గుంథర్ ప్రయాణం ఆపలేదు. తరవాతి దారిలో కొంతకాలం క్రిస్టీన్ కొడుకు, ఆ తరవాత ఒక స్నేహితురాలు పక్కన కూర్చున్నారు. ముగింపు నాటికి ఆయనకు 77 ఏళ్లు.

ఈ పత్రం చరిత్ర క్లుప్తంగా: ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్లున్న సంపన్నులు సరిహద్దు సరిహద్దుకూ సొమ్ము కట్టి వాపసు తీసుకునేవారు. మోటారు సంఘాలు పూచీ పద్ధతి తెచ్చాయి. 1898లో పుట్టిన ఏఐటీ, 1904లో పుట్టిన ఎఫ్ఐఏ అనే అంతర్జాతీయ సంఘాలు దాన్ని దేశదేశాలకూ పాకించాయి. 1954 న్యూయార్క్ ఒప్పందం చట్టబద్ధత ఇచ్చింది. 1990 ఇస్తాంబుల్ ఒప్పందం దాన్ని కొత్త కాలానికి సవరించింది. యూరోపియన్ యూనియన్ లోపల ఇప్పుడిది అక్కర్లేదు. భారత్, పాకిస్తాన్, ఇరాన్, ఈజిప్టు వంటి దేశాల్లో మాత్రం అడుగుతారు.

ప్రయాణం ముగిశాక కార్నె పూచీ ఇచ్చిన సంఘానికి తిరిగి వెళ్లాలి. అక్కడ కౌంటర్‌ఫాయిళ్లన్నీ వరసగా పరిశీలిస్తారు. ఎక్కడైనా పోక ముద్ర లేకపోతే ‘కారు ఫలానా చోట ఉంది’ అనే ధ్రువపత్రం కావాలి. కస్టమ్స్ వంటి శాఖ అధికారి ఎవరో ఒకరు కారు దగ్గరికి వచ్చి, ఛాసిస్ నంబరు పుస్తకంలోని నంబరుతో పోల్చి సంతకం చేయాలి. ఆ పరీక్షలన్నీ గట్టెక్కాకే జమానతు విడుదలవుతుంది. ఇంటి ముందు బంధువులు హారతి ఇచ్చిన వారాలకో నెలలకో ఈ పని పూర్తవుతుంది. దూర ప్రయాణాల గురించి రాసే పుస్తకాల్లో ఈ ఘట్టానికి ఒక అధ్యాయం దక్కాల్సింది. అపరిచితుడి మాట నమ్మి ఒక దేశం గేటు తీసిందంటే, ఆ నమ్మకం నిలబడిందని తేలేది ఇక్కడే.

బాక్స్: ఓటో ఒంటి వివరం

అయిదు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 88 హార్స్‌పవర్, నీలం రంగు. ఇప్పటి మధ్యతరగతి కార్లు చాలావాటికి దీనికంటే శక్తి ఎక్కువ. వెనక సీట్లు తీసేసి విడిభాగాల పెట్టెలు అమర్చి, వాటి మీద పరుపు వేశారు. టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ దాకా ఎక్కింది. ఉత్తర కొరియాలోనూ తిరిగింది. ఇప్పుడు జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం సేకరణలో ఉంది. గుంథర్ 2021లో కన్నుమూశారు.

బాక్స్: హైదరాబాద్, విజయవాడల నుంచి బయల్దేరితే

మన దేశంలో కార్నెకు ప్రధాన చిరునామా ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దీనికి బదులు కాదు. అది మనిషికి, కార్నె బండికి. నేపాల్‌కు కార్నె అవసరం లేదు. సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ పత్రం తీసుకుని రోజుల లెక్కన రుసుము కడితే చాలు. చైనాలో కార్నె చెల్లదు. అక్కడ తాత్కాలిక నంబరు ప్లేటు, లైసెన్సు, వెంట స్థానిక గైడు కావాలి. ఓడలో పంపిన కారు తిరిగి మన రేవులో దిగినప్పుడు, అది ఇక్కడి నుంచి వెళ్లిన బండేనని చూపించడానికీ కార్నె పనికొస్తుంది.