90 శాతం అని చూపించి గురి తప్పితే? చేతిలో ఆడే వ్యూహాత్మక గేముల్లో మజా, చిరాకు ఒకేచోట ఎందుకు పుడతాయి

తెర మీద '90%' అని కనిపిస్తుంది. విసరబోయే ఈటె శత్రువుకు తగిలే అవకాశం నూటికి తొంభై అని దాని అర్థం. మీట నొక్కగానే ఈటె గురి తప్పుతుంది. శత్రువు ఎదురుదెబ్బకు, 20 గంటలుగా పెంచుకుంటూ వచ్చిన పాత్ర నేలకూలుతుంది. ఇక ఆట ముగిసేదాకా ఆ పాత్ర తిరిగి రాదు.

జపాన్‌కు చెందిన 'ఫైర్ ఎంబ్లమ్' సిరీస్ ఆడేవారికి ఇది బాగా తెలిసిన బాధ. అయినా మూడు దశాబ్దాలు దాటినా ఆ సిరీస్ కొనసాగుతోంది. ఇంత చిరాకు పెట్టే ఆటలను మళ్లీ మళ్లీ ఎందుకు ఆడతారు?

అసలు ఏమిటీ ఆటలు?

వీటిని 'టర్న్ బేస్డ్ టాక్టికల్ ఆర్‌పీజీ'లు అంటారు. యుద్ధభూమి గళ్లు గళ్లుగా ఉంటుంది. ఆడేవారు తమ వంతులో సైనికులను ఒక్కొక్కరినే కదుపుతారు. ఆ తర్వాత కంప్యూటర్ వంతు. చదరంగం తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు.

అయితే రెండు పెద్ద తేడాలున్నాయి. చదరంగంలో గుర్రం వెళ్లి బంటును కొడితే బంటు పోవడం ఖాయం. ఇక్కడ దెబ్బ తగలొచ్చు, తగలకపోవచ్చు. రెండోది, చదరంగం పావులకు పేరూ కథా ఉండవు, ఆట అయిపోగానే మళ్లీ పెట్టెలోకి చేరతాయి. ఇక్కడ ప్రతి పావుకూ ఒక పేరు, ముఖం, కథ ఉంటాయి. ఒక యుద్ధంలో సంపాదించిన అనుభవం తర్వాతి యుద్ధానికి వెంట వస్తుంది.

మొదటి తేడా అదృష్టాన్ని తెస్తే, రెండోది అనుబంధాన్ని తెస్తుంది. ఆకర్షణకైనా, చిరాకుకైనా మూలం ఈ రెండే.

చేతి పరికరానికి ఎలా కుదిరింది?

'ఫైర్ ఎంబ్లమ్' తొలి ఆట 1990లో నింటెండో ఫామికామ్‌పై వచ్చింది. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థలో షోజో కాగా దాన్ని రూపొందించారు. కానీ ఈ తరహా ఆటలు ప్రపంచమంతా తెలియడంలో 2001లో వచ్చిన 'గేమ్ బాయ్ అడ్వాన్స్' పాత్ర చాలా పెద్దది. 'అడ్వాన్స్ వార్స్', 'ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్' దాని మీదే వచ్చాయి. జపాన్ బయట అధికారికంగా విడుదలైన మొదటి 'ఫైర్ ఎంబ్లమ్' కూడా 2003లో ఆ పరికరం కోసం తయారైనదే.

కారణం సులువుగానే అర్థమవుతుంది. పరుగులు, దూకుళ్ల ఆటలో రెండు క్షణాలు చూపు తిప్పితే ఓటమే. వంతులవారీ ఆట మాత్రం ఎంతసేపైనా ఆగుతుంది. బస్సు దిగాల్సి వస్తే ఆపేసి, రాత్రి భోజనాలయ్యాక అక్కడి నుంచే కొనసాగించొచ్చు. ఉద్యోగం, సంసారం ఉన్నవారికి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

చిరాకులూ అక్కడే మొదలయ్యాయి. మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్ తెరకు వెనక వెలుగే లేదు. శత్రువు వంతులో ఒక్కో సైనికుడి కదలికనూ చూస్తూ కూర్చోవాలి. 2007లో పీఎస్‌పీకి వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్: ద వార్ ఆఫ్ ద లయన్స్'లో మంత్రం వేసినప్పుడల్లా ఆట నత్తనడక నడుస్తుందని ఆడినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

శాతాలు నిజం చెబుతాయా?

అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం ఆ శాతమే. 90 శాతం అంటే మనసు 'ఖాయం' అనే చదువుకుంటుంది. లెక్క అలా చెప్పదు. 90 శాతం అవకాశమున్న దెబ్బలు వరుసగా పది కొడితే, పదీ తగిలే అవకాశం దాదాపు 35 శాతమే. కనీసం ఒక్కటైనా గురి తప్పే అవకాశమే ఎక్కువ.

'సివిలైజేషన్' గేమ్ రూపకర్త సిడ్ మైయర్ 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ మనస్తత్వాన్నే వివరించారు. మూడింతల బలముండీ ఓడిపోతే ఆడేవారు అన్యాయం అంటారు. తమకన్నా మూడింతల బలమున్న శత్రువుపై గెలిచినప్పుడు మాత్రం వారికి అందులో తప్పేమీ కనిపించదు.

అందుకే 2002 నాటి ఆట నుంచి 'ఫైర్ ఎంబ్లమ్' ఒక కిటుకు పాటించింది. ఒక యాదృచ్ఛిక సంఖ్యకు బదులు రెండు తీసి, వాటి సగటుతో ఫలితం తేల్చింది. దాంతో తెర మీద 90 అని కనిపించినప్పుడు అసలు అవకాశం 98 శాతం దాటుతుంది. 75 అని కనిపిస్తే దాదాపు 88. అటువైపు, 10 అని కనిపిస్తే అసలు అవకాశం రెండు శాతమే.

అంటే ఆట న్యాయంగా అనిపించడానికి, చూపించే అంకె అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఇన్ని చేసినా నూటికి ఒకటో రెండో తప్పుతాయి. అందరికీ గుర్తుండిపోయేవి అవే.

పోయిన ప్రాణం విలువెంత?

గురి తప్పడం అంతగా బాధించేది దాని వెనక ఉన్న శాశ్వత మరణం వల్ల. గేమ్ బాయ్ అడ్వాన్స్ 'ఫైర్ ఎంబ్లమ్'లో పాత్రలు పక్కపక్కన నిలిచి పోరాడేకొద్దీ వాటి మధ్య సంభాషణలు తెరుచుకుంటాయి. గొడవలు, స్నేహాలు, ప్రేమలు బయటపడతాయి. అలా దగ్గరైన పాత్ర పోతే పోయేది ఒక పావు మాత్రమే అనిపించదు. తర్వాతి అడుగు వేసేముందు పది నిమిషాలు ఆలోచింపజేసేది ఆ భయమే.

ఆచరణలో చాలామంది ఆ నష్టాన్ని ఒప్పుకోరు. ఆట ఆపేసి ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి ఆడతారు. శాశ్వత మరణం అనే నియమం కాస్తా గంటసేపటి శ్రమ వృథా అనే శిక్షగా మారిపోతుంది.

రూపకర్తలు దీన్ని గమనించారు. 2010లో జపాన్‌లో నింటెండో డీఎస్‌కు వచ్చిన ఆటలో, పడిపోయిన పాత్రలు తర్వాతి అధ్యాయానికి తిరిగొచ్చే 'క్యాజువల్' పద్ధతి ప్రవేశపెట్టారు. 2012 నాటి 'అవేకెనింగ్' కూడా దాన్ని కొనసాగించింది. 2,50,000 కాపీలైనా అమ్ముడవకపోతే సిరీస్‌ను ఆపేయాలనే పరిస్థితిలో తయారైన ఆట అది. అది ఘన విజయం సాధించి సిరీస్‌ను నిలబెట్టింది.

తర్వాత కాలాన్ని వెనక్కి తిప్పే వీలు వచ్చింది. 2010లో పీఎస్‌పీకి వచ్చిన 'టాక్టిక్స్ ఓగ్ర్' 50 వంతుల దాకా వెనక్కి వెళ్లనిచ్చింది. 2019 నాటి 'ఫైర్ ఎంబ్లమ్: త్రీ హౌసెస్' పరిమిత సంఖ్యలో అవకాశాలిచ్చింది. 2023 నాటి 'ఎంగేజ్' సాధారణ స్థాయిలో ఆ పరిమితినీ తీసేసింది. చిరాకు తగ్గింది నిజమే. ఏ తప్పునైనా దిద్దుకోవచ్చని తెలిశాక, అడుగు వేసేముందు ఆలోచించాల్సిన అవసరమూ తగ్గింది.

అదృష్టం లేకుండా కుదరదా?

కుదురుతుందని 2018లో వచ్చిన 'ఇంటూ ద బ్రీచ్' చూపించింది. ఇందులోని మైదానం చదరంగం బల్లలాగే 8×8 గళ్లది. శత్రువు తర్వాత ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే కనిపిస్తుంది. ఆడేవారి దెబ్బలు గురి తప్పవు. కాబట్టి ఓడితే పాచికల మీద నెపం వేసే వీలు దాదాపు ఉండదు. 2022లో నెట్‌ఫ్లిక్స్ చందాదారులకు ఇది ఫోన్‌లోనూ అందుబాటులోకి వచ్చింది. నింటెండో స్విచ్ అధికారికంగా విడుదల కాని భారత్‌లో, ఫోనే చాలామందికి చేతి గేమింగ్ పరికరం కాబట్టి ఇది గమనించాల్సిన విషయం.

ఫోన్‌లో రెండో దారీ ఉంది. 2017లో నింటెండో తెచ్చిన 'ఫైర్ ఎంబ్లమ్ హీరోస్'లో 6×8 గళ్ల మైదానం, నలుగురే సైనికులు. ఇక్కడా దెబ్బలు గురి తప్పవు, శాశ్వత మరణమూ లేదు. పాత చిరాకులన్నీ పోయినట్టే. కానీ అదృష్టం ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. కావాల్సిన పాత్ర దక్కుతుందో లేదో లాటరీ తీసినట్టు తేలుతుంది. ఆ లాటరీకి కావాల్సిన 'ఆర్బ్‌లు' ఆడి సంపాదించుకోవచ్చు, డబ్బు పెట్టీ కొనొచ్చు.

తేడా అక్కడే ఉంది. యుద్ధభూమిలో అదృష్టం మొండిచేయి చూపితే ఒక సైనికుడు పోతాడు, మిగిలినవారితో ఎలా గెలవాలో ఆలోచించాలి. లాటరీలో చూపితే ఆలోచించడానికి ఏమీ ఉండదు. ఇంకోసారి తీయాలా, వద్దా అన్నదొక్కటే మిగులుతుంది. పోయేది జేబులోని డబ్బు. ఈ కొత్త చిరాకుతో పోలిస్తే, గురి తప్పిన ఈటె ఆడేవారికి చేసిన అన్యాయం తక్కువే.