సైకిల్ వెనుక ఎర్ర లైటు: ఎలాంటిది కొనాలి, ఎక్కడ బిగించాలి?



డిసెంబరులో మన పల్నాడులో సాయంత్రం 6 గంటలకే చీకటి పడుతుంది. స్టడీ అవర్స్, ట్యూషన్లు ముగించుకుని సైకిల్ మీద వచ్చే పిల్లలు ఆ చీకట్లోనే ఇంటికి చేరాలి. అదే సమయంలో నరసరావుపేట, గురజాల, మాచర్ల రోడ్ల మీద సిమెంట్ లారీలు, పత్తి ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఎదురుగా వచ్చే బండిని చూసి పిల్లలు పక్కకు తప్పుకోగలరు. వెనుక నుంచి వచ్చేదాన్ని చూడలేరు. అందుకే వెనుక లైటు గురించి పెద్దవాళ్లమే శ్రద్ధ తీసుకోవాలి.

రిఫ్లెక్టర్ ఉంది కదా, చాలదా?

చాలదు. రిఫ్లెక్టర్‌కు సొంత వెలుగు లేదు. వెనుక బండి హెడ్‌లైట్ దాని మీద పడితేనే మెరుస్తుంది. ఆ హెడ్‌లైట్ సరిగా వెలగకపోయినా, రిఫ్లెక్టర్‌కు దుమ్ము పట్టినా లాభం లేదు. గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు చూసి, బ్రేక్ వేసి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీద కారుకే సుమారు 45 మీటర్లు పడుతుంది. లోడు లారీకి ఇంకా ఎక్కువ. కాబట్టి సైకిల్ అంతకు చాలా ముందే కనిపించాలి. రిఫ్లెక్టర్‌ను తీసేయకండి, దానికి లైటును తోడు చేయండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

రంగు: వెనుక ఎరుపు, ముందు తెలుపు. సైకిల్ ఎటు వెళ్తోందో డ్రైవరుకు తెలిసేది ఈ రంగులతోనే.

వెలుగు: ప్యాకెట్ మీద ల్యూమెన్స్ అంకె ఉంటుంది. వీధి దీపాలు లేని రోడ్డుకు 30 నుంచి 50 ల్యూమెన్స్ బాగుంటుంది. మరీ ఎక్కువైతే వెనుక వచ్చేవారి కళ్లు చెదురుతాయి. పక్కల నుంచి కూడా కనిపించే లైటు మేలు.

నిలకడా, మిణుకుమిణుకా: మిణికే లైటు త్వరగా దృష్టిలో పడుతుంది. నిలకడగా వెలిగేదైతే ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం తేలిక. బ్రిటన్ 2005లో సైకిళ్లకు మిణికే లైట్లను అనుమతించింది, జర్మనీ అనుమతించదు. మన చీకటి రోడ్ల మీద నిలకడగా వెలిగేలా పెట్టడం మంచిది.

వాన: ఐపీఎక్స్4 అని ఉంటే ఎటు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది.

చార్జింగ్: పాత డైనమో లైటు సైకిల్ ఆగగానే ఆరిపోయేది. ఇప్పటి బ్యాటరీ లైటు ఆగినా వెలుగుతుంది. కాకపోతే వారానికోసారి చార్జింగ్ పెట్టే అలవాటు పిల్లలకు చేయాలి.

బిగించేటప్పుడు

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సీటు కింద బిగిస్తారు, క్యారియర్ మీద స్కూల్ బ్యాగు పెట్టగానే లైటు దాని వెనుక దాగిపోతుంది. చున్నీ, రెయిన్‌కోటు అంచులు కూడా కప్పేస్తాయి. క్యారియర్ చివర బిగించడం ఉత్తమం. లైటు నేల వైపు వంగకుండా నేరుగా వెనక్కి చూడాలి.

ఈ ఆదివారం చీకటి పడ్డాక ఒక చిన్న పరీక్ష చేయండి. బండ్లు తిరగని చోట మీ అబ్బాయినో అమ్మాయినో బ్యాగుతో సహా సైకిల్ మీద కూర్చోబెట్టి, మీరు 100 అడుగులు వేస్తూ వెనక్కి నడిచి చూడండి. ఎర్ర లైటు స్పష్టంగా కనిపిస్తే సరే. కనిపించకపోతే సోమవారం సాయంత్రంలోపే సరిచేయించండి.