కుందేలు పొట్ట గుండ్రంగా ఎలా వస్తుంది?

నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లేసు పల్చగా పరుచుకుంటుంది కదా, మరి దాన్ని అల్లే కొన వంగిన సూదితోనే చంటిపాపకు ఉబ్బిన కుందేలు బొమ్మ ఎలా అల్లుతారు?

అంతా లెక్కే! మొదటి చుట్టులో 6 కుట్లు, తర్వాత 12, 18, 24... చుట్టుకొలత వ్యాసార్ధానికి సుమారు 6.28 రెట్లు కాబట్టి, చుట్టుకు ఆరేసి పెంచితే చదునైన బిళ్ల వస్తుంది. పెంచడం ఆపితే అంచు లేచి గిన్నెవుతుంది. ఆరేసి తగ్గిస్తే మూతి ముడుచుకుని బంతి. మూసేముందే దూది కూరాలి, మరిచిపోతే మళ్లీ విప్పుకోవడమే!

లేసుకు కంతలే అందం. బొమ్మకు మాత్రం వాటిలోంచి దూది బయటికొస్తుంది. అందుకే సన్న సూదితో బిగించి అల్లుతారు. కళ్లకు గుండీలు వద్దు, పాప పీకి మింగేయగలదు. నల్లదారంతో కుట్టేస్తే సరి.