చేప తిన్నాక మూతి తిమ్మిరెక్కిందా? ఆలస్యం చేయొద్దు

ద్రాక్షారామం: గోదావరి జిల్లాల్లో చేపల కూర లేని ఆదివారం తక్కువే. ద్రాక్షారామం చుట్టుపక్కల ఇళ్లకు చెరువుల నుంచి బొచ్చె, శీలావతి వస్తాయి. కాకినాడ రేవు నుంచి కానాగంతలు, సూర, కవ్వలు వస్తాయి. ఇవన్నీ మంచి ఆహారమే. కానీ కొన్ని రకాల చేపల్లో, చేపలోని కొన్ని భాగాల్లో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు. "బాగా మరిగిస్తే ఏం కాదులే" అనే ధీమాతోనే ప్రమాదం మొదలవుతుంది.

ఐస్ లేని కానాగంతలు

కానాగంతలు, సూర, కవ్వలు ఎండలో ఐస్ లేకుండా ఉంటే బాక్టీరియా వల్ల వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటలోపే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ వస్తాయి. చాలామంది దీన్ని చేప పడకపోవడం అనుకుంటారు. డాక్టర్లు యాంటీహిస్టమిన్ మందులిస్తారు. ఎక్కువమందికి ఒక రోజులో తగ్గిపోతుంది. ఊపిరాడకపోతే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పచ్చి పిత్తాశయం మందు కాదు

చేప పిత్తాశయాన్ని పచ్చిగా మింగితే షుగర్ తగ్గుతుందని, చూపు మెరుగవుతుందని కొందరు నమ్ముతారు. ఇది ప్రాణాంతకం. శీలావతి, గడ్డి చేప లాంటి కార్పు జాతి చేపల పిత్తంలోని విషం కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆ తర్వాత మూత్రం తగ్గిపోతుంది. దీనికి విరుగుడు లేదు. అవసరమైతే డయాలసిస్ చేస్తారు. సమయానికి వైద్యం అందితే చాలామంది కిడ్నీలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. చేప హలాలే, కానీ దానిలోని ప్రతి భాగం తినదగింది కాదు.

ఉబ్బే చేపతో జాగ్రత్త

గాలి, నీళ్లు పీల్చి బంతిలా ఉబ్బే పఫర్ చేప కాలేయం, గుడ్లు, చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. మొదట మూతి, నాలుక తిమ్మిరెక్కుతాయి. తర్వాత కాళ్లూచేతులు పడిపోతాయి, చివరికి శ్వాస ఆగుతుంది. విరుగుడు మందు లేదు. వెంటిలేటర్ మీద శ్వాస అందిస్తూ ఉంటే శరీరం విషాన్ని బయటికి పంపేస్తుంది. మొదటి 24 గంటలు దాటితే సాధారణంగా బతుకుతారు.

మంగళూరులో ఏం జరిగింది?

2016లో మంగళూరులో ఎర్ర స్నాపర్ చేపల తలలు వండుకుని తిన్న వందమందికి పైగా అస్వస్థతకు గురయ్యారు. పగడపు దిబ్బల నాచులో పుట్టే సిగువాటాక్సిన్ చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు చేరుతుంది. ఈ విషం ఎక్కితే చల్లటి వస్తువు ముట్టుకున్నా కాలినట్టు అనిపిస్తుంది. దీనికీ ప్రత్యేక విరుగుడు లేదు. లక్షణాలకు తగ్గ వైద్యమే చేస్తారు.

ఇలా చేయండి

చేప తిన్నాక మూతి తిమ్మిరి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. వెంటిలేటర్, డయాలసిస్ ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లండి. బలవంతంగా వాంతి చేయించొద్దు, నాటు మందులు తాగించొద్దు. ఏ చేప తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి. మిగిలిన ముక్క ఉంటే వెంట తీసుకెళ్లండి. అదే కూర తిన్న మిగతావాళ్లనూ గమనించండి.

కొనేటప్పుడు ఐస్‌లో ఉన్న చేపే తీసుకోండి. పేరు తెలియని చేప వండొద్దు. చేప కోయించేటప్పుడు పిత్తాశయం పగలకుండా తీయించి పారేయండి.