నాన్న టేబుల్ మీద రెండో మానిటర్

మా నాన్న ఇంట్లోనే డీటీపీ చేస్తారు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరివో కవితల పుస్తకాలు. జనం చేతిరాత కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేస్తారు. నాన్న ఆ ఫొటో చూడటం, ఆల్ట్-ట్యాబ్ కొట్టి పేజ్‌మేకర్‌లోకి వెళ్లి నాలుగు మాటలు టైప్ చేయడం, మళ్లీ ఫొటోలోకి రావడం. రోజంతా ఇదే పని. పోయిన మాఘమాసంలో ఒక శుభలేఖలో ముహూర్తం 10.42కి బదులు 10.24 అని పడింది. పంచకముందే చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. 300 కార్డులు మా డబ్బుతోనే మళ్లీ వేయించాం. ఆ రెండ్రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

అటక మీద పాత 17 అంగుళాల మానిటర్ ఒకటి ఉంది. దాన్ని పక్కన పెడితే ఒకదాంట్లో ఫొటో, ఇంకోదాంట్లో టైపింగ్ అనుకున్నా. సీఎస్ఈ చదువుతున్నా కదా, పది నిమిషాల పని అనుకున్నా. ఆదివారం మొత్తం పట్టింది.

సీపీయూ వెనక రెండు పోర్టులున్నాయి. నీలం రంగు వీజీఏలో ఇప్పుడు వాడే మానిటర్ ఉంది, హెచ్‌డీఎంఐ ఖాళీ. పాత మానిటర్‌కేమో వీజీఏ ఒక్కటే. సరే అని ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర వీజీఏ ఉన్న కేబుల్ కొనుక్కొచ్చా. పెడితే 'నో సిగ్నల్'. మానిటర్ పోయింది, పాత సామాన్లవాడికి వేసేద్దాం అన్నారు నాన్న.

మానిటర్ బాగానే ఉంది. తప్పు నాదే. వీజీఏ 1987 నాటిది, అనలాగ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కోటీ ఒక్కో తీగలో ఎక్కువ తక్కువ వోల్టేజ్‌గా వెళ్తాయి. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు, ఒకట్లూ సున్నాలూ. ఉత్త తీగ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చలేదు, మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. నేను తెచ్చినదాంట్లో తీగ తప్ప ఏమీ లేదు. (షాపులో వెనక్కి తీసుకోలేదు. అది వేరే బాధ.)

కన్వర్టర్ కొనడానికి బయల్దేరుతూ ఎందుకో కొత్త మానిటర్ వెనక చూశా. దానికి హెచ్‌డీఎంఐ కూడా ఉంది! దాని కేబుల్ డబ్బాలోనే, కవర్ కూడా చింపకుండా ఉంది. కొత్తదాన్ని హెచ్‌డీఎంఐకి మార్చి, ఖాళీ అయిన వీజీఏ పాతదానికి ఇచ్చా. రెండూ వెలిగాయి. పైసా ఖర్చు లేదు. అందుకే చెప్తున్నా, ఏదైనా కొనేముందు సీపీయూ వెనకా, రెండు మానిటర్ల వెనకా ఏమేం పోర్టులున్నాయో కాగితం మీద రాసుకోండి. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవాళ్లు రెండు కేబుళ్లూ కార్డ్‌కే పెట్టండి, మదర్‌బోర్డ్‌కి కాదు. స్ప్లిటర్ మాత్రం కొనకండి. అది ఒకే బొమ్మని రెండుచోట్ల చూపిస్తుంది, అంతే.

మొదట మాకూ రెంటిలో ఒకే బొమ్మ వచ్చింది. విండోస్ కీ, పీ కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకుంటే విడిపోయాయి. ఇంకో తలనొప్పి మౌస్. పాత మానిటర్ నాన్నకి ఎడమవైపు ఉంది, విండోస్ మాత్రం కుడివైపు ఉందనుకుంటోంది. ఎడమకి జరిపితే మౌస్ గోడకి తగిలినట్టు ఆగిపోతోంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలుంటాయి. టేబుల్ మీద ఎలా ఉన్నాయో అలాగే వాటిని లాగి పెట్టాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటే రిజల్యూషన్ చూడండి. ఆ పాత నలుచదరపు మానిటర్‌కి 1280×1024 పెట్టాకే ఒత్తులు స్పష్టంగా కనిపించాయి. తెలుగు టైప్ చేసే మనిషికి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఎడమవైపు ఫొటో, కుడివైపు పేజ్‌మేకర్. తేదీ, ముహూర్తం వచ్చినచోట నాన్న వేలు పెట్టి అటూ ఇటూ చూసుకుంటున్నారు. నిన్న ఫోన్ చేసి, మూడోది కూడా పెట్టొచ్చా అని అడిగారు. సీపీయూ వెనక ఇంకో పోర్టు లేదు నాన్నా అన్నా.