పాత కార్ట్రిడ్జ్ కొంటున్నారా? వజ్రం కాదు, రబ్బరు చూడండి

మా తాతయ్య వాళ్ల ఊరు కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున. పోయిన వేసవిలో ఆ ఇంటి అటక మీంచి ఒక సూట్‌కేస్ రికార్డ్ ప్లేయర్, ట్రంకు పెట్టె నిండా ప్లేట్లు కిందికి దించాం. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ, సినిమా పాటలు, నాటక పద్యాలు, నాలుగైదు హరికథ ప్లేట్లు. భగవద్గీత, సినిమా పాటలు ఏ మ్యూజిక్ యాప్ తెరిచినా వస్తాయి. ఆ హరికథల్లో రెండు మాత్రం ఎంత వెతికినా నాకు ఎక్కడా దొరకలేదు. అంటే మాకు ఒరిజినల్ అదే, బ్యాకప్పూ అదే.

నాకు భయం పట్టుకుంది ఇక్కడే. ఫైల్‌ని వెయ్యిసార్లు ప్లే చేసినా అరగదు. ప్లేటు అలా కాదు. అరిగిన ముల్లుతో ఒక్కసారి వేసినా గాడి చెక్కుకుపోతుంది. పోయింది పోయినట్టే, రికవరీ టూల్ ఏదీ లేదు.

వింటేజ్ టర్న్‌టేబుళ్ల మీద వీడియోలు బోలెడున్నాయి. అందరూ "వార్మ్ సౌండ్" గురించే మాట్లాడతారు. ఏలూరు, గూడెం, కొల్లేరు వైపు ఉండేవాళ్లకి అంతకంటే ముందు తెలియాల్సింది ఒకటుంది: మన చెమ్మలో, మన ఎండలో ఏ పార్టు బతుకుతుంది, ఏది పోతుంది, ఏది మీ ప్లేటుని చంపుతుంది.

కార్ట్రిడ్జ్‌లో ఏముంటుంది?

టోన్‌ఆర్మ్ చివర ఉండే చిన్న డబ్బానే కార్ట్రిడ్జ్. గాడిలో తిరిగే ముల్లు, దాన్ని పట్టుకున్న సన్నటి కడ్డీ అంటే కాంటిలివర్, ఆ కడ్డీని సరైన చోట నిలబెట్టే చిన్న రబ్బరు ముక్క, వెనకాల కదలికని కరెంటుగా మార్చే భాగం. ఆ చివరి భాగాన్ని బట్టి రకాలు:

- క్రిస్టల్, సెరామిక్: పాత సూట్‌కేస్ ప్లేయర్లలో ఉండేవి. వందల మిల్లీవోల్టుల అవుట్‌పుట్, బరువు సుమారు 4 నుంచి 6 గ్రాములు.
- ఎంఎం, అంటే మూవింగ్ మాగ్నెట్: 3 నుంచి 5 మిల్లీవోల్టులు, బరువు సాధారణంగా 1 నుంచి 2 గ్రాములు. ముల్లు ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు.
- ఎంసీ, అంటే మూవింగ్ కాయిల్: చాలావాటిలో అర మిల్లీవోల్టు కూడా రాదు. ముల్లు పోతే ఇంట్లో మార్చుకోలేం.

కొల్లేటి చెమ్మకి కరిగిపోయిన ఉప్పు

ప్లేయర్‌కి కరెంటు ఇచ్చాను. మోటార్ తిరిగింది, స్పీకర్‌లో గుర్రుమని హమ్ వచ్చింది. పాట మాత్రం రాలేదు. తాడేపల్లిగూడెంలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి, సంచిలో పెట్టుకుని వెళ్లాను.

ఆయన మూత తీసి చూసి నవ్వారు. "దీంట్లో ఉప్పుంటది బాబూ. మన చెమ్మకి ఎప్పుడో పోయుంటది."

"ఉప్పా మాస్టారూ?"

"ఆయ్, ఉప్పే."

ఆయన అన్నది అక్షరాలా నిజం. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జుల్లో వాడింది రోషెల్ సాల్ట్ అనే స్ఫటికం. నొక్కితే వోల్టేజ్ పుట్టించే గుణం దానికి బాగా ఎక్కువ. కానీ అది నీళ్లలో కరిగే పదార్థం, తేమని పీల్చుకుంటుంది, వేడికీ తట్టుకోదు. చుట్టూ చేపల చెరువులున్న ఊళ్లో, పెంకుల కింద అటక మీద, నలభై వర్షాకాలాలు గడిపితే ఇంకేం మిగులుతుంది? తర్వాత వచ్చిన సెరామిక్ కార్ట్రిడ్జులకి ఈ బాధ తక్కువ.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. "పలక్కపోటమే మంచిదయ్యింది బాబూ. ఈ ముల్లుతో ఏసుంటే ప్లేట్లు పాడైపోను." అందులో ఉన్నది నీలం ముల్లు. మంచి వజ్రపు ముల్లు 500 నుంచి 1000 గంటలు వస్తుందని లెక్క. నీలం ముల్లు ఆయుష్షు పదుల గంటలే. అరిగాక దాని అంచు పదునెక్కుతుంది. ఆ పదునుని 5 గ్రాముల బరువుతో గాడిలో లాగడమంటే ఉలితో గీసినట్టే.

సీల్ తియ్యని పెట్టె, 40 ఏళ్ల రబ్బరు

తర్వాత నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర "వాడనే లేదు, సీల్డ్ పీస్" అన్న పాత ఎంఎం కార్ట్రిడ్జ్ కొన్నాను. ముల్లు నిజంగానే కొత్తగా మెరుస్తోంది. మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండంగా పాడింది. మూడో నిమిషానికి డబ్బా మెల్లగా కిందికి కుంగి ప్లేటుకి ఆనుకుంది. లోపలి రబ్బరు జావకారిపోయింది.

పెట్టెలో ఉన్నా రబ్బరుకి వయసు ఆగదు. కొన్ని మెత్తబడతాయి, కొన్ని రాయిలా గట్టిపడతాయి. గట్టిపడితే ముల్లు గాడి మలుపుల్ని అందుకోలేక గోడల్ని కొడుతుంది. స, శ లాంటి అక్షరాలు బరబరమంటూ వినిపిస్తాయి. అందుకే ఈ హాబీలో మీరు డబ్బు పెట్టేది వజ్రం మీద కాదు, రబ్బరు మీద.

ఈ కోణంలో ఇద్దరు లెజెండ్స్‌ని చూడండి. షూర్ వీ15 సిరీస్ 1964లో మొదలైంది. తర్వాతి టైప్ ఫైవ్‌లో బెరీలియం కాంటిలివర్ వాడారు. షూర్ 2018లో కార్ట్రిడ్జుల తయారీయే ఆపేసింది. అయినా వీ15 ఇది ఎంఎం కాబట్టి డబ్బా బాగుంటే, జపాన్ కంపెనీ జికో లాంటివాళ్లు చేసే కొత్త ముల్లు తగిలించి మళ్లీ బతికించొచ్చు. డెనాన్ డీఎల్-103 కథ వేరు. 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారైన ఎంసీ అది. అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు, బరువు 2.5 గ్రాములు. ఇవాళ్టికీ కొత్తది దొరుకుతోంది. అలాంటప్పుడు ఎవరి బీరువాలోనో ముసలిదైన పీసుని ఎక్కువ రేటుకి కొనడంలో అర్థం లేదు.

మా ప్రాంతానికి నా రూల్ ఒక్కటే: పాత ఎంఎం డబ్బా, కొత్త ముల్లు. పాత ఎంసీ జోలికి వెళ్లొద్దు.

టర్న్‌టేబుల్ కొనేముందు రెండు లెక్కలు

మొదటిది వోల్టేజ్. జపాన్ లోకల్ మోడల్స్ 100 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

రెండోది ఫ్రీక్వెన్సీ. గారార్డ్ 301 లాంటి పాత మోటార్ల స్పీడ్ మెయిన్స్ ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50. అక్కడి పుల్లీ ఉన్న మెషీన్ ఇక్కడ తిప్పితే 33⅓ కాస్తా దాదాపు 27.8 ఆర్‌పీఎం అవుతుంది. శ్రుతి సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోయి, ఘంటసాల నిద్రమత్తులో పాడినట్టుంటుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి డైరెక్ట్ డ్రైవ్‌లకి ఈ తలనొప్పి లేదు, మన వేడికి సాగిపోయే బెల్టూ లేదు. నేను అలాంటి డైరెక్ట్ డ్రైవ్‌కే ఓటేశాను.

మీ ఫోనే టెస్ట్ ల్యాబ్

- స్పీడ్: ఫోన్‌ని ప్లాటర్ మధ్యలో పెట్టి, గైరో సెన్సర్ వాడే ఆర్‌పీఎం యాప్ ఆన్ చెయ్యండి. టోన్‌ఆర్మ్ స్టాండ్ మీదే ఉండాలి.
- ముల్లు: క్లిప్-ఆన్ మాక్రో లెన్స్‌తో ఫొటో తీయండి. కడ్డీ వంగిందా, ముల్లుకి మురికి పట్టిందా కనిపిస్తుంది. అరుగుదల చూడాలంటే మైక్రోస్కోప్ కావాలి.
- బరువు: 0.01 గ్రాము చూపించే పాకెట్ కాటా కొనండి. కాటా పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి తప్పు రీడింగ్ ఇస్తుంది.
- హమ్: స్పెక్ట్రమ్ యాప్‌లో 50 హెర్ట్జ్ దగ్గర గీత పైకి లేస్తే ముందు ఎర్త్ వైరు చూడండి.
- నిల్వ: ఆటపాకలో గూడబాతుల్ని ఫొటోలు తీసేవాళ్లు లెన్సుల్ని డ్రై బాక్స్‌లో పెడతారు కదా, కార్ట్రిడ్జులకీ అదే. ప్లేట్లు మాత్రం నిలువుగా, గోడకి దూరంగా.

78లకి వేరే ముల్లు

మన ఇళ్లలోని హెచ్ఎంవి ప్లేట్లు ఎక్కువగా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారైనవే. ఆ గ్రామఫోన్ కంపెనీయే ఇవాళ కారవాన్ అమ్ముతున్న సరిగమ. మన దేశంలో 78లు చాలా కాలం నడిచాయి, బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78లుగా వచ్చాయి.

78 గాడి వెడల్పు. దాని ముల్లు కొన వ్యాసార్థం సుమారు 75 మైక్రాన్లు, ఎల్‌పీ ముల్లుది సుమారు 18. 78 ముల్లుతో ఎల్‌పీ వేస్తే ఎల్‌పీ గోవిందా. ఎల్‌పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున పడి గరగరమంటుంది. ఇంకోటి, 78లు లక్కతో చేసినవి. ఆల్కహాల్‌తో తుడిస్తే కరిగిపోతాయి.

నా టర్న్‌టేబుల్‌కి 78 స్పీడ్ లేదు. 78 ముల్లు తగిలించి, 45లో తిప్పి రికార్డ్ చేసి, ఆడాసిటీలో స్పీడ్ పెంచాను. పాత 78ల ఈక్వలైజేషన్ వేరు కాబట్టి టోన్ కొంచెం సర్దాల్సి వచ్చింది.

ఇంతకీ ఎలా పాడింది?

నిజం చెప్పాలంటే, చిటపటలు బోలెడు. మధ్యలో గాడి అరిగినచోట గొంతు చీలుతోంది. కానీ చిడతల మోత గదిలో ఎవరో కొట్టినంత దగ్గరగా ఉంది. అదే వరసలో దాచుకున్నాను: ఒక్కసారే ప్లే, 24 బిట్ ఫైల్, రెండు చోట్ల బ్యాకప్.

సౌండ్ క్వాలిటీ కోసమే అయితే ఈ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి, నేనేమీ అనుకోను. ఇంట్లో ఇంకెక్కడా దొరకని ప్లేట్లు ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. అప్పటిదాకా అటక మీది ప్లేయర్‌ని "పనిచేస్తుందేమో చూద్దాం" అని అస్సలు ముట్టుకోవద్దు.

లేబుళ్లని పురుగు తినేసింది కాబట్టి ఏది ముందో ఏది వెనకో నాకు తెలీలేదు. ఫైల్ ఫోన్‌లో పెట్టి అమ్మమ్మకి వినిపించాను. అర నిమిషం విని, "ఇది రెండోదిరా, ముందు మొదటిది పెట్టు" అంది.