యతి దగ్గర దొరికిపోయాను

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒప్పుకున్న పని ఇది. కంటిచూపు లేని ఒక పరిశోధక విద్యార్థికి వారానికి మూడు రోజులు పుస్తకాలు చదివి వినిపించాలి. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఇదీ ఒక పనేనా అనుకున్నాను. విద్యానగర్‌లో మా వరండా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. అతని అంశం తెలుగు సాహిత్యంలో వైకల్యం ఉన్న పాత్రలు, వాళ్ల చుట్టూ అల్లుకున్న మాటలు.

మొదటి వారంలోనే దొరికిపోయాను. ఏదో శతకంలోని తేటగీతి. పాదం మొదట్లోనే ‘గుడ్డి’ అని ఉంది. ఎదురుగా ఆ అబ్బాయి. నాకు నోరు రాలేదు. చటుక్కున ‘అంధ’ అని మార్చి చదివేశాను.

“మేడమ్, ఆ పాదం మళ్లీ ఒకసారి.”

మళ్లీ అలాగే చదివాను. నవ్వాడు. “గణం సరిపోయింది. యతి ఎటు పోయింది?”

తేటగీతి పాదంలో మొదటిది సూర్యగణం. ‘గుడ్డి’, ‘అంధ’ రెండూ గురువు, లఘువు, అంటే హగణాలే. అంతవరకు నా దొంగతనం బాగానే సాగింది. కానీ నాలుగో గణం మొదట్లో ‘కొ’ కూర్చుని ఉంది. దానికి ‘గు’తో చెల్లుతుంది, ‘అ’తో ఎలా చెల్లుతుంది? ఛందస్సు నేర్పినదాన్ని ఛందస్సులోనే పట్టుకున్నాడు.

“మీరు మాట మింగితే నాకొక కార్డు తగ్గిపోతుంది మేడమ్. నేను ఏరుతున్నదే ఆ మాటల్ని” అన్నాడు.

ఆ కార్డులన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. దళసరి కాగితాన్ని బ్రెయిలీ పలకలో బిగించి, మొనదేలిన పుల్లతో చుక్కలు పొడుస్తాడు. పొడవడం కుడి నుంచి ఎడమకు. కాగితం తిరగేస్తే చుక్కలు పైకి తేలి, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. మొత్తం ఆరు చుక్కల గడి. ‘గుడ్డి’ ఎలా రాస్తావని అడిగితే నా వేలు పట్టుకుని చూపించాడు. గ, కొమ్ము, ఆ తర్వాత పొల్లు గుర్తు, రెండు డకారాలు, గుడి. ఒత్తు కింద వేలాడదు, అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. భారతీయ భాషలకు ఉమ్మడి బ్రెయిలీ 1951లో ఖాయమైంది. తెలుగు ‘క’, హిందీ ‘క’, తమిళ ‘క’ వేలికి ఒక్కటే. లిపి మీద పేచీలు పడేవాళ్లం మనమే!

డబ్బాలో ఏముందని ఒకరోజు అడిగాను. ఒక్కో కార్డు తడిమి చదువుతూ పోయాడు. గుడ్డి దీపం. గుడ్డిగవ్వ. గుడ్డి నమ్మకం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. కుంటిసాకు. మూగనోము. చెవిటివాడి ముందు శంఖం. ఇవన్నీ నేను రోజూ వాడే మాటలే. “ఇన్ని ‘గుడ్డి’ కార్డుల్లో ఒక్క మనిషైనా కనబడ్డాడా మేడమ్? దీపం ఉంది, గవ్వ ఉంది, ఎద్దు ఉంది” అన్నాడు. ఆ మాటల్ని నిషేధించమని అతను అడగడం లేదు. అవి ఎక్కడ, ఎవరి నోట, దేనికి బదులుగా వస్తున్నాయో లెక్క తీస్తున్నాడు. నేనా లెక్కను మర్యాద పేరుతో చెడగొట్టబోయాను.

ఇక సర్కారు మాటలకు వేరే కట్ట ఉంది. ‘వికలాంగులు’ పాతది. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో ‘దివ్యాంగులు’ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో శాఖ పేరు ‘విభిన్న ప్రతిభావంతులు’. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం ఇరవై ఒకటి గుర్తించింది. అది అసలైన మార్పు అంటాడు. పేర్ల దగ్గరికొస్తే మాత్రం చిరాకు. “దివ్యమైన అంగం ఉన్నవాడికి ర్యాంపు ఎందుకు, పెన్షన్ ఎందుకు? డిగ్రీలో నాకు సెకండ్ క్లాసే వచ్చింది. అయినా నేను ప్రతిభావంతుణ్ణి!”

ఈ ‘ప్రతిభ’ దగ్గరే అతని థీసిస్ అసలు ముడి ఉంది. 1976లో ‘సిరిసిరిమువ్వ’ నాయికకు మాట రాదు, కానీ నాట్యం ఉంది. 1986లో ‘సిరివెన్నెల’ నాయకుడికి చూపు లేదు, కానీ వేణువు ఉంది. నాయికకు మాట లేదు, కానీ కుంచె ఉంది. ఆ పాటలంటే అతనికీ ప్రాణమే, నాకంటే బాగా పాడతాడు. అయినా అడుగుతాడు: ఏ కళా రాని గుడ్డివాడు, కిరాణా కొట్టు పెట్టుకుని అప్పులు రాసుకునేవాడు, పెళ్లాంతో పోట్లాడేవాడు మన కథల్లో ఎంతమంది? అమెరికాలో డేవిడ్ మిచెల్, షారన్ స్నైడర్ 2000లో ఇదే సంగతి మీద ‘నెరేటివ్ ప్రోస్థెసిస్’ అని పుస్తకం రాశారట. కథ నడవలేనప్పుడు వైకల్యాన్ని ఊతకర్రగా పట్టుకుంటుంది, ఆ మనిషి బతుకు మాత్రం దానికి అక్కర్లేదు అన్నది సారం. “మన భాషలో చెబితే, కథకు పెట్టిన జైపూర్ కాలు” అన్నాడు.

అసలు నేనెందుకు చదవాలి, కంప్యూటర్ చదవదా అని మా అబ్బాయి అడిగాడు. చదువుతుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా పలుకుతుంది. చిక్కల్లా మన పుస్తకాలతోనే. డీటీపీ రోజుల ఫాంట్లలో కూర్చిన ఫైలు కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తులు. మనకు ‘అమ్మ’ కనిపించేచోట యంత్రం బ్రాకెట్లూ డాలర్లూ వల్లిస్తుంది. పాత పుస్తకాలకైతే పేజీల ఫొటోలే దిక్కు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, చూపు లేనివాళ్లకు వీలైన రూపంలోకి పుస్తకాలు మార్చుకోనిచ్చారు. ఇదే వీలు కోసం దేశాల మధ్య కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ఆమోదించిన మొదటి దేశం కూడా మనదే. చట్టం ఇచ్చిన హక్కును ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయాలి కదా!

అతని స్నేహితుడొకడు వినికిడి లేనివాడు, సైగల భాష మీద పని చేస్తున్నాడు. ఒకసారి ఇద్దరూ వచ్చారు. ఒకరు చూడలేరు, ఒకరు వినలేరు, మధ్యలో ఫోను. ఆ అబ్బాయి ఫోనులో రాసి చూపించిన వాక్యం నన్ను చాలా రోజులు తొలిచింది: ‘మా అమ్మది తెలుగు. నా మాతృభాష ఏది?’ సైగలకు వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది. 2021లో ఢిల్లీలోని ఒక సంస్థ తెచ్చిన నిఘంటువులో పదివేల మాటలున్నాయి. అతనికి నేనేం జవాబు చెప్పను? ఉప్మా పెట్టాను.

ఇప్పుడు తిక్కన గారి దగ్గరున్నాం. స్త్రీపర్వం. పేపర్లలో రాజకీయ నాయకుల కోసం అరిగిపోయిన ‘ధృతరాష్ట్ర కౌగిలి’ ఇక్కడిదే. కృష్ణుడు ముందుచూపుతో ఇనుప భీముణ్ణి నిలబెడితే ఆ ముసలిరాజు పొడిపొడి చేసేస్తాడు. భాష ఆ చేతుల బలాన్ని, ద్రోహాన్ని దాచుకుంది, నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రిని వదిలేసింది. అది అతని వాదన. నేను ఒప్పుకోలేదు. తిక్కన వదల్లేదు, వదిలింది మనమే అన్నాను. కాసేపు వాదులాడుకున్నాం.

“అయినా మేడమ్, యుద్ధం మొత్తం ఆయనకు సంజయుడు చెప్పిందే కదా. ఆయనకూ ఒక రీడరున్నాడు. సంజయుడు మాత్రం ఎన్ని మాటలు మింగాడో ఎవరికి తెలుసు? యతి చూసుకోవడానికి అది పద్యం కూడా కాదు.”

జవాబు తోచక పేజీ తిప్పాను.

“రెండు కాగితాలు కలిసి తిరిగినట్టున్నాయి మేడమ్” అన్నాడు.

చూసుకున్నాను. నిజమే.